పొడపత్రి నోటుబుక్కు

పొడపత్రి ఆకు రెండు నిమిషాలు బాగా నమిలి, ఆ తర్వాత నోట్లో చెంచాడు చక్కెర వేసుకుంటే తీపి తెలియదు. పలుకులు నాలుకకు తగులుతాయి, కరుగుతాయి, తీపి మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఈ సంగతి నా నోటితో నేను తెలుసుకున్న రోజున నాకు ఇరవై ఏడేళ్లు. ములకలపల్లి దగ్గర అడవి అంచున మా ఊళ్లో, మిషన్ స్కూల్లో సైన్సు టీచర్ని. ఏటా బోర్డు మీద నాలుక బొమ్మ గీసి రుచుల పాఠం చెప్పేదాన్ని. ఒక్క ఆకు వచ్చి నా పాఠాన్ని తలకిందులు చేసేసరికి నాకు పట్టపగ్గాల్లేవు. చక్కెర అయ్యాక బెల్లం, బెల్లం అయ్యాక మిగిలిపోయిన క్రిస్మస్ కేకు ముక్క, అన్నీ నోట్లో వేసుకుని చూశాను. కేకు ఉత్త పిండి.

"మందుతోని ఆటలేందే," అని అమ్మ నా చేతిలోంచి ఆకులు లాక్కుంది.

నిజమే, అది మందు. అమ్మ కోసం తెచ్చిన మందు. దాని మీద అమ్మ కళ్లు ఆధారపడి ఉన్నాయి, అందుకే ఇంట్లో ఆ ఆకుకు అంత మర్యాద.

అమ్మ మా ఊరి దర్జీ. వరండాలో మిషను, మిషను పక్కన గుడ్డపీలికల మూట, చెవి మీద గుడ్డకు గుర్తులు పెట్టే నీలం పెన్సిలు, ఇరవై ఏళ్లుగా అదే అమ్మ ఆఫీసు. నాన్న పినపాక వైపు బొగ్గు గనిలో పనిచేస్తూ వారమంతా అక్కడే కిరాయి గదిలో ఉండి, ఆదివారం చర్చి వేళకు ఇంటికి వచ్చేవాడు. ఇంటి బండి నడిచింది చాలావరకు ఆ మిషను మీదే. అలాంటి మనిషికి అప్పటికి మూడేళ్ల కిందట రెండు కళ్లలో శుక్లాలు మొదలయ్యాయి. మొదట సూదిలో దారం నేను ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత బైబిలు చదవడం మానేసి నన్ను చదవమనేది. ఆ తర్వాత ఒకావిడ జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమకూ ఎడమ చెయ్యి కుడికీ కుట్టేసింది. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా దాన్నే వేసుకుని చర్చికి వచ్చింది. అమ్మ ఆ రోజు ప్రార్థన అయ్యేదాకా తలెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చి ఏడ్చింది.

ఖమ్మంలో కంటి డాక్టరు లైటు వేసి చూసి, శుక్లాలు తీసేస్తే చూపు మళ్లీ వస్తుందన్నాడు. ఆ మాటకు నేను కుర్చీలో నిలవలేకపోయాను. కానీ రక్తపరీక్ష కాగితం చూసి ఆయన దాన్ని మడిచి నా చేతికే ఇచ్చేశాడు. షుగరు ఇంత ఉంటే కత్తి పట్టనన్నాడు. అది దిగేదాకా ఎన్నిసార్లు వచ్చినా తన జవాబు అదేనన్నాడు.

అమ్మకు షుగరు ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. టౌన్లో షుగరు డాక్టరు గోళీ రాశాడు, అన్నం తగ్గించమన్నాడు, పొద్దున నడవమన్నాడు. అమ్మ అన్నీ చేసింది. కాగితం మీద మూడుతో మొదలైన అంకె రెండుతో మొదలవడం వరకు వచ్చి, అక్కడే బైఠాయించింది. రెండు నెలలు కదలలేదు. గోళీ ఇంకా పెంచాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తున్న రోజుల్లోనే సంతలో పొడపత్రి కనబడింది.

శనివారం సంతకు అడవి పల్లెల నుంచి ఆకులు, గడ్డలు, ఇప్పపువ్వు తెచ్చే ఒక కోయ ఆడమనిషి ఉండేది. అమ్మ ఆమెకు జాకెట్లు కుట్టేది, ఆమె అమ్మకు చింతపండు ఇచ్చేది. ఇద్దరూ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవారు. అమ్మ కళ్ల సంగతి విని ఆమె బుట్ట అడుగు నుంచి ఒక తీగ తీసింది. ఎదురెదురుగా జంటలుగా ఆకులు, పట్టుకుంటే కాస్త నూగు.

"మా దిక్కు షుగరున్నోళ్లు గిదే నములుతరు వదినె. పెద్ద చెట్ల మీదికి ఎగబాకి ఉంటది. నువ్వు గూడ తిను," అంది.

అమ్మ అక్కడికక్కడే నాలుగాకులు నోట్లో పెట్టుకోబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నాకు రెండు రకాల మనుషులంటే ఒళ్లు మంట. ఆకు అనగానే ముఖం చిట్లించి, అడివోళ్ల వైద్యం మనకెందుకనే చదువుకున్నవాళ్లు ఒక రకం. ఆకు దొరికింది కదా, ఇక గోళీలు పెంటలో పారెయ్యమనేవాళ్లు ఇంకో రకం. మా ఇంటి చుట్టూ రెండు రకాలూ ఉన్నారు. వాళ్లలో ఎవరి మాటా చెవిన పెట్టకుండా ఆ తీగను తడిగుడ్డలో చుట్టుకుని, సోమవారం అమ్మను సర్కారు ఆయుర్వేద దవాఖానాకు తీసుకుపోయాను.

అక్కడి డాక్టరుది వైరా దగ్గర రైతు కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారట, మాటకు ముందూ వెనకా అండీ ఉండేది. ఆయన తీగను వెలుతురులో తిప్పి చూసి, ఒక ఆకు తుంచి నమిలాడు. తర్వాత బల్ల సొరుగులోంచి చిన్న సీసా తీసి, అందులోంచి చక్కెర చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం.

"పొడపత్రేనండీ. అసలుదే," అని సీసా నా ముందుకు తోశాడు. "మీరూ ఆకు నమిలి చూడండి, నమ్మకం కుదురుతుంది."

నేను చూసింది అప్పుడే మొదటిసారి. దవాఖానాలో కాబట్టి గంభీరంగా కూర్చున్నాను, ఇంటికొచ్చి గంతులేశాను.

అమ్మ వేసుకుంటున్న గోళీ అట్ట చూపించమన్నాడు ఆయన. పేరు రాసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు, నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆకు పచ్చిగా ఇష్టం వచ్చినంత నమలకూడదు. నీడన ఎండబెట్టి, పొడి చేసి, తానిచ్చే చిన్న చెంచాతో కొలిచి, పొద్దున టిఫిన్ అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం అన్నమయ్యాక ఒకసారి నాలుక మీద వేసుకుని గోరువెచ్చటి నీళ్లు తాగాలి. గోళీ మానకూడదు. పొడి మొదలుపెట్టినట్టు షుగరు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, దాచకూడదు. పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే చక్కెర తినాలి. ఆపరేషను ఖాయమైతే రెండు వారాల ముందు పొడి ఆపాలి.

"అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ కడుపు మీద వద్దండీ. గోళీ దించుతుంది, ఇదీ దించుతుంది. లోపల తిండి లేకపోతే మరీ పడిపోతుంది. ఏకాదశులు, శనివారాలు గట్రా ఉపవాసాలుంటారా అమ్మా?"

"మాకు అవేమీ లేవు సార్. మేం క్రైస్తవులం," అంది అమ్మ.

"అయితే మంచిదే," అని ఆయన టిక్కు పెట్టుకున్నాడు.

అమ్మ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను పక్కనే కూర్చుని నవ్వాను కూడా. ఆ నవ్వు తర్వాత నాకు చాలాసార్లు గుర్తుకొచ్చింది.

మరుసటి వారమే షుగరు డాక్టరుకు చెప్పాం. ఆయన ముందు కనుబొమలు ఎగరేసినా, పరీక్షలు చేయించుకుంటామంటే సరేనన్నాడు. గోళీ పెంచే ఆలోచన అప్పటికి ఆపాడు. ఇక మా ఇంట్లో పొడపత్రి రాజ్యం మొదలైంది. సంత వదినె వారం వారం ఆకు తెచ్చేది. అమ్మ పాత చీర పరిచి లోపలి గదిలో ఆరబెట్టేది. కరకరలాడేదాకా ఆరాక రోట్లో దంచి, జాకెట్లకు వేసే లైనింగు గుడ్డలో వేసి జల్లించేది. ఆ లైనింగు గుడ్డలోంచి దిగిన పొడి ఎంత మెత్తగా ఉండేదంటే, డాక్టరు వేళ్ల మధ్య నలిపి చూసి, మా దవాఖానాకు కూడా మీరే జల్లించి పెట్టండమ్మా అన్నాడు. అమ్మ ఆ మాటను నెలరోజులు వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

నేను పాత పాలపొడి డబ్బా కడిగి, దాని మీద తెల్ల కాగితం అంటించి, పొడపత్రి, తిన్నాక మాత్రమే అని స్కెచ్ పెన్నుతో ముత్యాల్లా రాశాను. గోళీల డబ్బాకు ఎర్ర కాగితం అంటించాను. నోటుబుక్కులో రోజుకో గీత: గోళీ వేసుకున్న వేళ, టిఫిను, పొడి, అన్నం, మళ్లీ పొడి, నడక. స్కూలు నుంచి రాగానే అమ్మను అడిగి టిక్కులు పెట్టేదాన్ని. నా పద్ధతి చూసుకుని నాకే ముచ్చటేసేది. ఆ అక్షరాలు అమ్మకు కనబడవన్న మాట మాత్రం నాకు తట్టలేదు. అమ్మ డబ్బాలను వాసనతో, వేళను మసీదు అజాన్‌తో, స్కూలు గంటతో గుర్తుపట్టేది. నా చార్టు నా కోసమే.

మొదటి పదిహేను రోజులకు ల్యాబు ముందు బెంచీ మీద కూర్చుని నేను గోళ్లు కొరుక్కుంటుంటే అమ్మ పక్కావిడతో జాకెట్టు కొలతలు మాట్లాడుతోంది. కాగితం వచ్చింది. కొంచెం దిగింది. రెండోసారి ఇంకొంచెం. మూడోసారికి రెండుతో మొదలయ్యే అంకె పోయి ఒకటితో మొదలయ్యే అంకె వచ్చింది. నేను ల్యాబు మెట్ల మీదే అమ్మను కావలించుకున్నాను. గోళీ పనా, ఆకు పనా, పొద్దుటి నడక పనా, మూడూ కలిసి చేసిన పనా అని షుగరు డాక్టరును అడిగితే, మూడూ మానకండి అన్నాడు. ఆ జవాబు నాకు భలే నచ్చింది. కంటి డాక్టరు ఇంకొంత దిగాలన్నాడు, కానీ ఈసారి కాగితం నా చేతికివ్వలేదు, ఫైల్లో పెట్టుకున్నాడు. ఎండాకాలం సెలవుల్లో చూద్దామన్నాడు. బస్సులో అమ్మ దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ వచ్చింది. ఆమెకు కనబడింది పచ్చటి మసక మాత్రమే, అయినా చూస్తూనే ఉంది.

ఆ ఆదివారం నాన్న వచ్చినప్పుడు ఆయన చేత కూడా ఆకు నమిలించాను. తర్వాత అమ్మ చాయ్ ఇచ్చింది.

"దీంట్ల చక్కెరెయ్యలేదేందే?"

"రెండు చెంచాలేసిన."

"ఏసినంక గిట్లుంటదా?"

అమ్మ చక్కెర డబ్బా తెచ్చి ఆయన కళ్ల ముందే మూడో చెంచా కలిపింది. నాన్న తాగి, గ్లాసు కింద పెట్టి, గనిలో మా మేస్త్రికి రేపు ఇదే పని చేస్తానన్నాడు. ఆ వారం మా ఇంట్లో అందరం తేలిపోతూ ఉన్నాం.

ఫిబ్రవరి ఆఖర్లో శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు. మా చర్చిలో ఆ రోజుల్లో ప్రతి శుక్రవారం పది గంటల నుంచి ఉపవాస కూడిక ఉంటుంది. ఆడవాళ్లు పొద్దున నుంచి ఏమీ తినకుండా వచ్చి, మూడింటిదాకా ప్రార్థన చేసి, తర్వాతే అన్నం ముట్టుకుంటారు. అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క శుక్రవారం తప్పలేదు. నేను కాలేజీలో చేరినప్పుడు మానేశాను, మళ్లీ మొదలుపెట్టలేదు. అవి మొదలైన బుధవారం సాయంత్రం నేను నోటుబుక్కులో అంకెల గ్రాఫు గీసుకుంటుంటే అమ్మ, "శ్రమల దినాలొచ్చినయి బిడ్డా," అంది. "అవ్ అమ్మా," అని నేను తలెత్తకుండా గీత గీశాను.

శుక్రవారం పొద్దున ఉప్మా చేసి మూతపెట్టి నేను ఏడున్నరకే స్కూలుకు వెళ్లిపోయాను. స్కూలూ చర్చీ ఒకే కాంపౌండు. ఒంటిగంటకు అన్నం గంట కొట్టాక స్టాఫ్ రూము వైపు పోతుంటే చర్చిలోంచి పాట వినబడింది. అమ్మ గొంతు అందులో లేదు. అమ్మ గొంతు గట్టిది, వందమందిలో ఉన్నా తెలుస్తుంది. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాను.

అమ్మ చాప మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మెడ మీద చెమటలు ధారగా కారుతున్నాయి, జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. రెండు చేతులూ వణుకుతున్నాయి. పక్కన కూర్చున్నావిడ ఉపవాసం నీరసమనుకుని కొంగుతో విసురుతోంది. నేను వంగి పిలిస్తే అమ్మ నా ముఖంలోకి చూసి, "ఆ జాకెట్టు రేపిస్త అని చెప్పు," అంది. నన్ను ఎవరో గిరాకీ అనుకుంది.

డాక్టరు చెప్పిన లక్షణాలు నేనే కదా రాసుకున్నది. చెమట, వణుకు, చక్కెర. స్టాఫ్ రూముకు పరిగెత్తి చాయ్ కోసం పెట్టుకున్న చక్కెర డబ్బా తెచ్చి, చెంచాడు అమ్మ నోట్లో పోశాను. అమ్మ రెండుసార్లు నమిలి, థూ అని ఉమ్మేసింది.

"నోట్ల మన్ను పోస్తన్నవేందే."

డబ్బా మారిందేమోనని నేను నోట్లో వేసుకుని చూశాను. తియ్యగా ఉంది. మళ్లీ పోయబోతే అమ్మ పళ్లు బిగబట్టి తల తిప్పేసింది. అప్పుడు ఆమె కొంగు అంచున ముడి కనబడింది. ముడిలోంచి సగం జారిన కాగితం పొట్లం, దాని మడతల్లో ఆకుపచ్చటి పొడి. పన్నెండున్నరకు అమ్మ తన మధ్యాహ్నం పొడి వేసుకుంది. ఇంట్లో ఎలా వేసుకుంటుందో అలాగే, వేళ తప్పకుండా. పొద్దున గోళీ వేసుకుంది, పొద్దుటి పొడీ వేసుకుంది. తిండి ఒక్కటే లేదు. ఆమె లెక్కలో మందు తిండి కాదు, అందుకని ఉపవాసానికి అడ్డు రాదు.

చక్కెర పనిచేస్తుంది, రుచే చచ్చిపోయింది. ఆకు నాలుకనే మోసం చేస్తుంది, కడుపును కాదు. ఈ మాట నా బుర్రలో వెలిగిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. భయపడుతూనే ఉన్నాను, అయినా లోపల సంతోషం ఎగిసింది. గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల చక్కెర కలిపాను. కానీ తాగించేదెట్లా? చెప్తే వినే స్థితిలో లేదు, పైగా మూడు కాలేదు.

ఆమె చెవిలో చెప్పాను. "అమ్మా, ఇది మందు. డాక్టరిచ్చిండు. ఉపవాసం చెడదు."

అమ్మ నోరు తెరిచింది. గుక్క గుక్కగా గ్లాసంతా తాగింది. రెండో గ్లాసు కూడా తాగింది. చుట్టూ ఆడవాళ్లు ప్రార్థన గట్టిగా అందుకున్నారు. పది పదిహేను నిమిషాలకు చేతుల వణుకు తగ్గింది. అమ్మ చుట్టూ చూసి, నన్ను గుర్తుపట్టి, "బడి లేదాయె నీకు?" అని అడిగింది. నేను నేల మీద కూలబడి నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిపి ఏదో చేశాను. తర్వాత ఎవరో ఇంటి నుంచి తెచ్చిన అన్నం పెట్టి, పాస్టరయ్య పిలిపించిన ఆటోలో టౌనుకు తీసుకుపోయాం.

షుగరు డాక్టరు పరీక్ష చేయించి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి, గోళీ సగానికి తగ్గించాడు. అంకెలు దిగుతున్నప్పుడు ఇది తాను ముందే చూడాల్సింది అన్నాడు. సోమవారం ఆయుర్వేద డాక్టరు అంతా విని నుదురు పట్టుకున్నాడు. "ఏకాదశి అడిగాను, శనివారం అడిగాను, నాకు తెలిసిన ఉపవాసాలే అడిగానండీ," అన్నాడు. మా ముందే ఒక కాగితం మీద, ఏ కారణం చేతనైనా తినకుండా ఉండే రోజులున్నాయా అని రాసి, బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. తర్వాత ఎప్పుడు వెళ్లినా అది అక్కడే ఉండేది.

ఇంత జరిగాక నాకు కోపం ఎవరి మీద రావాలి? అమ్మ మీదే వచ్చింది. ముక్కు మీద కోపం మా ఇంట్లో నాకే ఉంది. ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మతో ఒక్క మాట మాట్లాడకుండా నోటుబుక్కు తీసి, టిక్కుల గీత మీదుగా పెద్ద అక్షరాలతో రాశాను: అమ్మ చెప్పకుండా ఉపవాసం ఉంది. తప్పంతా అమ్మదే. కింద రెండు గీతలు కూడా కొట్టాను. అమ్మ మంచం మీద పడుకుని, "ఏం రాస్తన్నవే?" అంది. "ఏం లే," అన్నాను.

జబ్బు మనుషులకు ఉపవాసం అక్కర్లేదని పాస్టరయ్య ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మకు అది మింగుడుపడలేదు. దేవునికి ఏదో ఒకటి విడిచిపెట్టాలి కదా అంది. రెండు రోజులు ఆలోచించి, పక్కింటావిడతో గోడ దగ్గర ముచ్చట్లు మానేస్తున్నట్టు ప్రకటించింది. మూడో రోజుకు పక్కింటావిడే గోడెక్కి తానేం తప్పు చేసిందో చెప్పమని ఏడ్చింది. దాంతో అదీ పోయింది. చివరికి శుక్రవారాలు వేళకు తిని, వేళకు పొడి వేసుకుని, కూడికలో అందరికన్నా గట్టిగా పాడటమే తన వంతు అనుకుంది.

ఏప్రిల్ ఆఖరుకు అంకెలు కంటి డాక్టరు అడిగినచోటికి వచ్చాయి. రెండు వారాల ముందు పొడి ఆపాం, షుగరు డాక్టరు చెప్పినట్టు గోళీ నడిపాం. మే నెలలో మండుటెండల్లో కుడికన్ను ఆపరేషను అయింది. మర్నాడు కట్టు విప్పినప్పుడు అమ్మ మొదట గోడ మీది క్యాలెండరు చూసింది, తర్వాత కిటికీ, తర్వాత నన్ను. "నీకు గింత నల్లపడ్డదేందే మొఖం," అంది. అంతకన్నా మంచి మాట నేను ఆ ఏడాదంతా వినలేదు. వార్డంతా తిరిగి పక్క మంచాలవాళ్లందరికీ మా అమ్మకు కళ్లు వచ్చాయని చెప్పి వచ్చాను. వాళ్లందరికీ కూడా కళ్లు వచ్చాయి, అది వేరే సంగతి.

జూన్లో కళ్లద్దాలు వచ్చాయి. స్కూళ్లు తెరిచిన మొదటి వారం. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలో మిషను ముందు కూర్చుని ఉంది. సూదిలో దారం తానే ఎక్కించింది, రెండోసారికే ఎక్కిందని చూపించింది. తర్వాత లోపలికి పోయి పాలపొడి డబ్బా తెచ్చి, దాని మీది కాగితం బయటికి చదివింది. "పొడపత్రి, తిన్నాక మాత్రమే. గింత మంచిగ రాసినవా? నాకు తెల్వనే తెల్వదు." గోళీల డబ్బా ఎర్ర కాగితం చదివింది. నాకు సంతోషం ఆగడం లేదు. అమ్మ ఇంకేం చదవాలా అని వెతుకుతోంది, దొరికిందల్లా చదువుతోంది, బియ్యం సంచి మీది అక్షరాలు కూడా చదివింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి, చదువంటే ప్రాణం.

"నా నోటుబుక్కేది? ఇన్ని నెలలు రాసినవ్ గదా," అంది.

నేను మరచిపోయాను. నిజంగానే మరచిపోయాను. ఉత్సాహంగా లోపలికి పోయి తెచ్చి ఇచ్చాను. అమ్మ అద్దాలు సర్దుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. టిక్కులన్నీ వేలితో తడిమింది. గ్రాఫు చూసి ఇది కొండ దిగే రోడ్డు లెక్కుంది అంది. మూడో పేజీ, నాలుగో పేజీ. అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. చెయ్యి చాపాను, కానీ అమ్మ అప్పటికే ఆ పేజీ మీద ఉంది.

చదివింది. పెదాలు కదిలించి, మెల్లగా, ఒక్కో మాటా చదివింది. తప్పంతా అమ్మదే. కింద రెండు గీతల మీద కూడా వేలు పెట్టింది.

దవాఖానాలో అమ్మ పక్కన కూర్చున్నది నేను. ఏకాదశి మాకు లేదన్నప్పుడు నవ్వింది నేను. శ్రమల దినాలు ఎప్పుడొస్తాయో, శుక్రవారాలు ఆ ఆడవాళ్లు ఏం చేస్తారో ఆ డాక్టరుకు తెలియదు, నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. బుధవారం సాయంత్రం అమ్మ నాకు చెప్పింది కూడా. ఆ రెండు నెలల్లో నేను ఆమె రక్తాన్ని చదివాను గానీ ఆమె మాట వినలేదు.

అమ్మ చెవి మీది నీలం పెన్సిలు తీసింది. గుడ్డ మీద గీసినట్టు ఒకే ఒక్క గీత, నేను రాసిన దాని మీదుగా తిన్నగా గీసింది. కింద గుండ్రటి అక్షరాలతో, మూడేళ్ల తర్వాత మొదటిసారి రాస్తున్న చేతితో రాసింది: ఇద్దరం మరిచిపోయినం.

నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మరుసటి రోజు నుంచి పొడి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని డాక్టర్లిద్దరూ అప్పటికే చెప్పి ఉన్నారు. నేను కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, గోళీ, టిఫిను, పొడి అని గీతలు గీశాను. వారాల పేర్లు రాసుకుంటూ శుక్రవారం దగ్గరికి వచ్చి ఆగాను.

"అమ్మా, ఈ శుక్రవారం ఉపవాస కూడికేమన్న ఉందా? తినకుంట పోతవా?"

అమ్మ మిషను ఆపింది. అద్దాల మీదుగా నన్ను చూసింది.

"ఇన్నాళ్లకు అడిగినవ్ బిడ్డా," అంది.